సామికి తగిలే తూటా

సెప్టెంబరు 11

ఫారెస్టు వాళ్ళ కాగితం వచ్చిందట. భోజనాల టైములో అప్పలనాయుడు మావ ఫోన్ చేశాడు. మొక్కజొన్న చేలో పడుతున్న అడవిపందిని కొట్టడానికి అనుమతి, దసరా వెళ్ళాక వారం రోజులు. తుపాకీ పట్టే మనిషి పేరు రాయాల్సిన చోట నా పేరు రాయించాడు. ఆఫీసరు తల ఎత్తి చూశాడట. "మా అక్క కూతురండి, పోర్టులో క్రేను తిప్పుతాది" అని మావ గట్టిగా చెప్పాడట.

నా పేరు! మళ్ళీ క్రేన్ ఎక్కి కూర్చున్నాక కూడా నవ్వు ఆగలేదు. కింద లారీ డ్రైవరు హారన్ కొడితే గానీ కంటైనరు దించాలని గుర్తు రాలేదు.

సెప్టెంబరు 12

అమ్మకు చెప్పాను. ముందు పొంగిపోయింది. తరవాత గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పందంటే వరాహం కదే" అంది.

ప్రతి శనివారం సింహాచలం కొండెక్కే మనిషి. ఆవిడకి ఆ వరాహ సామి అప్పన్న ఒక్కడే దేవుడు, మిగతావాళ్ళు చుట్టాలు. నీ తమ్ముడి తొడ చీల్చింది కూడా ఆ వరాహమే కదా అన్నాను. కూర మాడింది.

సెప్టెంబరు 14, ఆదివారం

భీమిలి దాటి మావ ఊరికి వెళ్ళాను. మావ ఇంకా కర్ర సాయంతోనే నడుస్తున్నాడు. లుంగీ పైకి తీసి మచ్చ చూపించాడు, నేను ఎన్నిసార్లు చూసినా మళ్ళీ చూపిస్తాడు.

నిరుడు జరిగింది అంతా రమణ బావ నిర్వాకమే. మావ కొడుకు, నాకు వరసైనవాడు, నోటికి బ్రేకు లేదు. టౌన్ నుంచి ఎవరినో డబుల్ బ్యారెల్ తుపాకీతో తీసుకొచ్చాడు. ఆయన ఎల్జీ తూటాతో కొట్టాడు. ఒక్క తూటాలో గోళీల్లాంటి సీసపు గుండ్లు, పేలగానే చెదిరిపోతాయి. దగ్గరగా అయితే సరే. ఆయన కొట్టింది చేను ఆ చివర నుంచి. రెండు గుండ్లు పంది తుంటికి తగిలాయి, అంతే. అది చావలేదు, పోలేదు, నొప్పితో చేలోనే పడుకుంది. పొద్దున్నే మోటారు వేయడానికి వెళ్ళిన మావ మీదికి లేచింది.

అందుకే ఈసారి ఒక్క దెబ్బకే పడాలి. గాయం చేసి వదలడం అనేది ఉండకూడదు. ఈ చేలో ఇంకో మనిషి కాలు పోకూడదు.

బావ మాత్రం ఇప్పటికీ ఎల్జీ పాటే. "రైఫిలైతే పంది లోంచి దూరి కాలనీ ఇళ్ళల్లోకి ఎల్లిపోద్ది మరదలా. అప్పుడు నిన్నూ నన్నూ కలిపి జైల్లో ఎడతారు."

వెధవ మాటే గానీ, అందులో నిజం ఉంది. చేను అవతల కాలవ, కాలవ అవతల కొత్త కాలనీ. నేల మీద నిలబడి కొడితే ప్రమాదమే. మంచె ఎక్కి చూశాను. పైనుంచి కిందికి కొడితే తూటా ఎటు పోయినా మట్టిలోకే దిగుతుంది. ఒక్క మోటారు షెడ్డు వైపు మాత్రం చూపు నేరుగా ఇళ్ళ మీదికి పోతోంది. అటు నిలబడితే కొట్టను. పంది ఎంత దగ్గరగా ఉన్నా, ఎంత పెద్దదైనా కొట్టను. అక్కడే నిర్ణయించుకున్నాను. మావకీ చెప్పాను. తల ఊపాడు.

సెప్టెంబరు 18

వన్ టౌన్‌లో తుపాకుల షాపు. మెట్లెక్కితే నూనె వాసన, తాతయ్య వాసన. తాతయ్య పోయాక ఆయన తుపాకీలు మగాళ్ళందరూ వద్దన్నారు. నాన్న బతికున్న రోజుల్లో దీపావళికే చెవులు మూసుకునే మనిషి. లైసెన్సు నేను అడిగి రాయించుకున్నాను. ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ చెప్పులు అరిగాయి గానీ, రాయించుకున్నాను.

తాతయ్య రైఫిల్ త్రీ ఫిఫ్టీన్ బోరు. దానికి తూటా రెండు రకాలు. ముక్కు గట్టిది ఒకటి, రాగి తొడుగు చివరిదాకా ఉంటుంది. అది జంతువులోంచి సూదిలా దూరి అవతలికి పోతుంది. జంతువు పరిగెడుతూనే ఉంటుంది, తూటా ఇంకెవరి గోడనో వెతుక్కుంటుంది. రెండోది సాఫ్ట్ నోస్, ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. తగలగానే లోపల విచ్చుకుంటుంది. పంది పడుతుంది, తూటా దాని ఒంట్లోనే ఆగుతుంది. చాలావరకు.

షాపాయన గట్టిదే చవకంటాడు, అదే ఎక్కువ పోతుందంటాడు. సాఫ్ట్ నోసే ఇమ్మన్నాను. రెండు వేరు వేరు లాట్లవి ఇమ్మన్నాను. ఎందుకని అడిగాడు. ఒకే కంపెనీదైనా ఒక్కో లాటు, అంటే ఒక్కోసారి తయారైన సరుకు, ఒక్కోలా పోతుంది, నా రైఫిల్‌కి ఏది నచ్చిందో అదే చెప్పాలి కదా అన్నాను. కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. తాతయ్య మనవరాలివే అన్నాడు. ఆ మాట ఇంటిదాకా మోసుకొచ్చాను.

తాతయ్య పాత తూటాలు తోలు బెల్టుకే ఉండిపోయి కిలుం పట్టాయి. ఇక పనికిరావు, షాపులో అప్పగించేశాను. అమ్మకి చెబితే బాధపడింది.

"పారీడమేటి? చింతపండెట్టి తోమితే పోయేది కదా."

నవ్వి ఊరుకున్నాను.

సెప్టెంబరు 21

షూటింగ్ రేంజ్. పొద్దున ఎండ రాకముందే. మంచె నుంచి చేను మధ్యకి ఎంత దూరమో అంతే దూరంలో గురికి అట్ట పెట్టించాను.

మొదటి లాటు — అట్ట మీద చిల్లులన్నీ కప్పాలంటే అరిటాకు కావాలి.

రెండో లాటు — తమలపాకు చాలు.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ తమలపాకే. పక్కన ప్రాక్టీసుకు వచ్చిన కుర్రాళ్ళు తమ పని ఆపి నా అట్ట చూడడానికి వచ్చారు. ఒకడు ఫోటో తీసుకున్నాడు. తీసుకోరా నాయనా, బాగా తీసుకో.

రెండో లాటే. ఇక ఆలోచన లేదు.

సెప్టెంబరు 24

అట్ట నా గదిలో గోడకి అంటించాను. క్యాలెండరు తీసేసి మరీ.

సెప్టెంబరు 27

అమ్మ కొండ నుంచి వచ్చింది. పందిని కొట్టొచ్చా అని సామిని అడిగిందట, పువ్వు రాలితే సరేనన్నట్టు. ఏం చెప్పాడు అన్నాను. పువ్వు పడలేదు, పడకుండానూ పోలేదు అంది. పక్కనున్నావిడ కొంగు తగిలి రాలిందట. లెక్కలోకి వస్తుందో రాదో అని బస్సులో అంతసేపూ ఆలోచించుకుంటూ వచ్చింది పాపం.

అక్టోబరు 1

ఆయుధపూజ. పోర్టులో నా క్రేనుకి బంతిపూల దండ, నిమ్మకాయలు, గుమ్మడికాయ. కొబ్బరికాయ కొట్టమని నన్నే పిలిచారు, మొట్టమొదటిసారి. ఒక్క దెబ్బకి రెండు ముక్కలు, సమంగా! అది చూసి సూపర్‌వైజరు కూడా చప్పట్లు కొట్టాడు.

ఇంట్లో రైఫిల్ పూజకి పెడతానంటే బీరువా తాళం నిన్న రాత్రే అమ్మకిచ్చాను. తూటాల డబ్బా కూడా పెట్టమన్నాను. పూజే కదా, బొట్టు పెడుతుంది, హారతిస్తుంది, అయిపోతుంది అనుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి దేవుడి మూల వెలిగిపోతోంది. ఇత్తడి పళ్ళెంలో నా తూటాలు. రెండో లాటువి. తమలపాకు కింద దాక్కునేవి. బంగారంలా మెరుస్తున్నాయి. ఒక్కోదానికీ గంధం చుక్క, దాని మీద కుంకం.

చింతపండు నీళ్ళల్లో రాత్రంతా నానబెట్టిందట. తెల్లవారుజామున లేచి, కొబ్బరి పీచుతో, పూజ గిన్నెలతో పాటు ఒక్కోటీ తోమిందట.

గొంతులో అరుపు తయారుగా ఉంది. నానితే లోపల మందు చెమ్మ ఎక్కుతుందనీ, పులుపు ఇత్తడిని తినేస్తుందనీ, నొక్కితే పేలొచ్చు, పేలకపోవచ్చు, ఆగి పేలొచ్చు అనీ, ఇదంతా నోటిదాకా వచ్చింది. అప్పుడు అమ్మ అంది —

"సామికి తగిలే తూటా మురిగ్గా ఉంటే ఎలాగే?"

చేతులు చూశాను. చింతపండు పులుపుకి వేళ్ళ కొసలు పాలిపోయి ఉన్నాయి. మొహం మాత్రం పూజ పళ్ళెంలాగే ఉంది.

బాగున్నాయమ్మా అన్నాను. అరుపు మింగేశాను.

అక్టోబరు 2

షాపుకి ఫోన్. సెలవు. షాపాయన ఊరెళ్ళాడు, ఫోన్ మాత్రం ఎత్తాడు. ఆ లాటు ఎలాగూ అయిపోయిందట, కొత్త స్టాకు దీపావళి దాటాకే. నా అనుమతి ఎల్లుండి మొదలు.

మొదటి లాటువి రేంజ్‌లోనే అయిపోయాయి. అయినా అరిటాకు వేసుకుని వేటకి వెళ్ళేదాన్ని కాదు.

తోమినవాటిలో ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఏం వినిపిస్తుంది? ఏమీ వినిపించదు. పిచ్చిదాన్ని. దీన్ని నమ్మి మావని చేలోకి రానిస్తానా? ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంటే? సగం మందే కాలి, తూటా తుంటి దగ్గర ఆగిపోతే? నిరుటి కథే మళ్ళీ, ఈసారి నా చేతి మీదుగా.

మధ్యాహ్నం రేంజ్ బ్యాగు దులిపాను. పక్క జేబులో మూడు. రెండో లాటువే, ఆ రోజు మిగిలినవి. రంగు వెలిసి, చెమట మరకలతో. అమ్మ చూడలేదు గనక బతికిపోయాయి.

ముద్దు పెట్టుకున్నాను. సిగ్గేం లేదు, నా గదే కదా.

అక్టోబరు 3

తోమినవి బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడింటినీ బ్యాగులో వేసుకున్నాను. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది, నాను తోమినవి ఎట్టుకున్నావా అని.

ఆఁ అన్నాను.

అక్టోబరు 4

సాయంత్రం మంచె మీద. మూడే తెచ్చావా అని బావ. ఒకటి చాలు, మిగతా రెండూ నీ నోరు మూయించడానికి అన్నాను. మావ పకపకా నవ్వాడు, చాలా రోజులకి.

చీకటి పడక ముందే వచ్చింది. ఒంటరి మగది. చూడగానే నాకు అర్థమైంది, నిరుటిదే. నడకలో తేడా ఉంది, ఆ తుంటి. మావా అదీ ఒకలాగే కుంటుతున్నారు.

వచ్చి ఎక్కడ నిలబడిందీ? మోటారు షెడ్డు పక్కన. వెనక కాలనీలో ఎవరో బట్టలు తీస్తున్నారు, దీపం కూడా పెట్టారు. వేలు ట్రిగ్గర్ మీద లేదు, పక్కన పెట్టుకున్నాను. కింద నుంచి బావ గుసగుస, కొట్టీ మరదలా, కొట్టీ అని. కంకులు నమిలే చప్పుడు నాకు వినిపిస్తోంది. అది తిన్నంత తిని వెళ్ళిపోయింది.

టీ కొట్టు దగ్గర అప్పుడే మాటలు. క్రేన్ అమ్మాయి బెదిరిపోయిందట.

అబ్బో. కొట్టకుండా ఉండడం చేతకానివాడే నిరుడు కొట్టాడు. నేను కొట్టలేదు, ఎంత బాగా కొట్టలేదో వాళ్ళకేం తెలుసు. ఒళ్ళు మండిపోతోంది. అయినా గర్వంగానే ఉంది. ఇళ్ళల్లో అందరూ అన్నాలు తిన్నారు, పడుకున్నారు, అదే నా జవాబు.

మావ మాత్రం ఒక్క మాటే అన్నాడు. "మాటంటే మాటే. నాకు తెల్సును."

అక్టోబరు 5

వాన. మంచె మీద తడిసి ముద్ద. పంది రాలేదు. అత్త సేపల పులుసు పెట్టింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

అక్టోబరు 6

కొట్టాను.

తెల్లవారుతుంటే. వాన వెలిసింది, చేను మీద పొగలాంటి మంచు. కాలవ గట్టు దిగి, మంచెకి ఎదురుగా, చేను నడిమధ్యకి వచ్చింది. వెనక తడి మట్టి, ఇంకేం లేదు. పక్కకి తిరిగింది. ముందు కాలు వెనకాల, భుజం కింద. ఊపిరి సగం వదిలాను. అక్కడ ఆపాను.

ఏమీ వినిపించలేదు. చప్పుడు నాకెప్పుడూ వినిపించదు, భుజానికే తెలుస్తుంది. అది ముందుకి ఉరికింది, నాలుగు బారలు పోయిందేమో, మోకాళ్ళ మీద వంగింది, పక్కకి ఒరిగింది. మళ్ళీ కదల్లేదు. రెండోది ఎక్కించి చాలాసేపు చూస్తూనే ఉన్నాను. అవసరం రాలేదు.

ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ముందు నేను దిగి వెళ్ళాను. వెనక మావ, కర్రతో. తూటా అవతలికి దాటలేదు. తుంటి మీద పాత గాయం ఇంకా పచ్చిగానే ఉంది, చీము పట్టి. ఏడాదంతా ఆ నొప్పితో తిరిగింది. అది చూశాక కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోను, రాస్తున్నాను. మావ కర్ర పక్కన పడేసి, కష్టం మీద వంగి, దాని నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"పోనీలే తల్లీ, దాని బాదా తీరిపోనాది."

ఫారెస్టు గార్డు వచ్చాడు. గొయ్యి తవ్వించాడు, కళ్ళెదురుగా పూడ్పించాడు. మాంసం ముట్టకూడదని రూలు. ఊళ్ళో సగంమంది మొహాలు వాడిపోయాయి. అయినా టీ కొట్టాయన నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. మొన్నటి మాట నాది కాదన్నాడు. అందరూ అలాగే అంటున్నారు, ఎవరిదీ కాదట.

బావ బస్సు దాకా బ్యాగు మోశాడు. రైఫిల్ మాత్రం అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

తాతయ్యా, తమలపాకు.

అక్టోబరు 7

నిన్న ఇంటికి చేరేసరికి వీధంతా తెలుసు. అమ్మ గుమ్మంలోనే ఆపి ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. పక్కింటావిడకి, ఎదురింటావిడకి, ఇస్త్రీ బండి ఆయనకి, అందరికీ ఒకటే కథ: నాను తోమిచ్చిన తూటాయే, ఒక్కటే, ఒక్క దెబ్బకే. నేను వెనక నిలబడి చెమట తుడుచుకుంటున్నాను. కాదని ఎలా చెప్పను, అంతమందిలో?

అందరూ వెళ్ళాక, ఏదే ఆ పేలిన ఖాళీ తూటా, ఇలాగివ్వు అంది. దేవుడి దగ్గర పెడుతుందట. ఇచ్చాను.

కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. తిప్పి చూసింది. వెలిసిన ఇత్తడి, చెమట మరక, మూతి దగ్గర మసి. కొంగుతో రుద్దింది. మళ్ళీ తిప్పింది. ఒక్కోటీ కొబ్బరి పీచుతో తోమిన చేతులు, వాటికి తెలియదూ!

"ఎంత నల్లబడిపోనాదో" అంది.

మందు కాలింది కదమ్మా అన్నాను.

"ఆఁ. అంతే అయ్యుంటాది."

రాత్రి మావకి ఫోన్ చేస్తానంది. చేయలేదు.

అక్టోబరు 8

పొద్దున లేచేసరికి వంటింట్లో చింతపండు వాసన. ఖాళీ తూటా అప్పన్న పటం ముందు ఉంది, బంగారంలా. గంధం చుక్క. కుంకం.

అది నాకు కావాలి. ఖాళీవి చూపిస్తే గానీ షాపులో కొత్తవి ఇవ్వరు. బీరువాలో నానినవన్నీ కూడా అప్పగించాలి. అమ్మని ఏమని అడగను, దేవుడి దగ్గరున్నది?

కాఫీ ఇస్తూ అంది, శనివారం దాకా ఆగనట్టు ఉన్నాది నా మనసు, రేపే కొండకెల్దాం, నువ్వూ రా అని.

నాకు షిఫ్టు ఉందన్నాను.

"మార్చుకో. సామికి నువ్వే సెప్పుకోవాలి."

ఏటి చెప్పాలి అన్నాను. అమ్మ నా వైపు చూడలేదు, పువ్వులు గుచ్చుతోంది.

"నాకేటి తెల్సును? కొట్టినదానివి నువ్వు."

కోపం ఉందా ఆ గొంతులో? వెతికాను. దొరకలేదు. నవ్వూ దొరకలేదు.

ఏం చెప్పాలో తెలియడం లేదు. తప్పు కొట్టానని మాత్రం చెప్పను, చచ్చినా చెప్పను. సరైన తూటాయే ఎంచుకున్నాను, అది సరైన చోటే తగిలింది, పంది బాధపడకుండా పోయింది, మావ చెయ్యి పెట్టి పంపాడు. అబద్ధం ఒక్కటే నాది, గుమ్మం దగ్గర చెప్పిన ఆ "ఆఁ". అది ముందు ఎవరికి చెప్పాలి, కొండ మీద ఆయనకా, పక్క గదిలో ఈవిడకా?

సూపర్‌వైజరుకి మెసేజ్ పెట్టాను, రేపు షిఫ్టు మార్చమని.

అమ్మ కొండకి కట్టుకునే చీర ఇస్త్రీ చేస్తోంది. దాని కింద మడత పెట్టి నాది కూడా ఉంది.